అంగుళానికి ఏడాది: ఎవరి లెక్క ఇది?

పచ్చి చెక్క ఆరాలంటే అంగుళం మందానికి ఏడాది పట్టాలని కర్రపని తెలిసినవాళ్ళు ఎక్కడ కలిసినా చెప్తారు. గాలివానకి కూలిన గంగరావి కొమ్మలోంచి గరిటెలకీ, చదరంగం పావులకీ సరిపడే ముక్కలు కోయించుకుందామని మా ఊరి మేస్త్రి గారి షెడ్డుకి వెళ్తే అక్కడా అదే మాట. "ఆయ్, ఇప్పుడే చెక్కేస్తారేంటండి బాబూ. ఓ రెండేళ్ళు పక్కన పడేయండి. చెక్కని తొందరపెడితే మన మాట వినదండి" అన్నారాయన. చేయి తిరిగిన మనిషి. మా వీధిలో సగం ఇళ్ళ గుమ్మాలు ఆయన పెట్టినవే. అయినా ఈ ఒక్క విషయంలో ఆయనతో నాకు పేచీ ఉంది.

గుమ్మానికీ దూలానికీ ఆ లెక్క సరే. అరచేతిలో పట్టే ముక్కకి అదే లెక్క ఎందుకు? పైగా ఈ లెక్కలో గాలి ఊసే లేదు. అనంతపురంలో ఏడాదీ, అమలాపురంలో ఏడాదీ ఒకటేనా? నేననేది ఇంతే: చిన్న ముక్కని త్వరగా ఆరబెట్టడం తప్పేమీ కాదు. మన గోదావరి డెల్టాలో అయితే చాలాసార్లు అదే మంచిది. మైక్రోవేవ్ అయినా, ఫ్రిజ్ అయినా, ఎండలో పెట్టిన కారైనా సరే. కాకపోతే ఎంత ఆరిందో తెలియకుండా మాత్రం ఆరబెట్టకూడదు. రెండేళ్ళు ఆగినవాళ్ళలో చాలామందికి కూడా అది తెలియదు.

మన గాలిలో ఎంతకాలం ఉంచితే ఏం లాభం

చెక్కలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. కణాల లోపలి ఖాళీల్లో నిలిచిన నీరు త్వరగానే పోతుంది, అది పోయినా చెక్క ఆకారం మారదు. కణాల గోడల్లోకి ఇంకిన నీరు మాత్రం మొండిది. తేమ సుమారు 28–30 శాతానికి దిగాక ఆ గోడల్లో నీరు పోవడం మొదలవుతుంది. కుంచించుకోవడం, వంకర తిరగడం, నెర్రెలివ్వడం అన్నీ అక్కడినుంచే. పెరుగుదల వలయాల వెంబడి కుంచించుకునేది, నడిబొడ్డునుంచి బెరడు వైపు కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు. అందుకే గుండ్రటి కొమ్మని అలాగే వదిలేస్తే ఎక్కడో ఒకచోట నడిబొడ్డు దాకా చీలక తప్పదు. నిలువునా రెండుగా కోసి పెడితే ఆ ప్రమాదం చాలావరకు పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. చెక్క ఎన్నేళ్ళు ఉన్నా చుట్టూ ఉన్న గాలికి తగినంతే ఆరుతుంది, అంతకంటే ఆరదు. గాలిలో తేమ 75 శాతం ఉంటే చెక్క దాదాపు 14 శాతం దగ్గర ఆగుతుంది. 80 దాటితే 16 దగ్గర. కోనసీమలో, నరసాపురం వైపు, ఏడాదిలో చాలా నెలలు గాలి ఇలాగే ఉంటుంది. అంటే అటక మీద మూడేళ్ళు పెట్టిన ముక్కా, ఆరు నెలలు పెట్టిన ముక్కా, రెండూ పలచనివే అయితే, ఒకే చోటికి వచ్చి ఆగుతాయి. మిగిలిన రెండున్నరేళ్ళలో అది ఆరదు. శ్రావణానికి ఉబ్బుతుంది, రోహిణి కార్తెకి తగ్గుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. వానల్లో తలుపులు బిగుసుకుపోయే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర చెట్లు ఎప్పుడు కూలతాయి? అక్టోబరు, నవంబరు తుఫాన్లలో. 1996 నవంబరు చూసిన ఊళ్ళలో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు, కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో. అంటే పచ్చి కర్ర మన చేతికి వచ్చేది గాలి తడిగా ఉన్న రోజుల్లోనే. చెక్కలో తేమ 20 శాతానికి పైన ఉన్నన్నాళ్ళూ బూజుకి అది పండగే. మామిడి, గంగరావి పైచెక్క, నిద్రగన్నేరు తెల్లచెక్క, వీటిని గొడ్లపాకలో ఓ మూల పడేసి 'నెమ్మదిగా ఆరనిద్దాం' అనుకుంటే సంక్రాంతికి నీలం, నలుపు చారలు తేలి ఉంటాయి. తర్వాత పురుగు. ఓర్పు పేరుతో పాడైన కర్ర ఈ డెల్టాలో ఎంతో, తొందరవల్ల పగిలిన కర్ర ఎంతో ఎవరూ లెక్కేయలేదు. నా అనుమానం మొదటిదే ఎక్కువని.

త్రాసు

ఒకసారి ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర మా బాబాయి తేమ మిషన్ వైపు చూస్తూ, "నీ కర్రముక్క కూడా ఇందులో పెట్టి చూడరాదా" అన్నాడు. పెట్టడానికి అది పనికిరాదు. కానీ పోలిక సరైందే. ఇక్కడ ప్రతి రైతుకీ 17 శాతం అంటే తెలుసు, అమ్మే ధాన్యంలో తేమ అంతకి మించకూడదు. ఆ అంకె కోసం రోడ్ల మీద పరదాలు పరిచి రాత్రిళ్ళు కాపలా కాస్తాం. అదే ఇంట్లో కర్ర దగ్గరికి వచ్చేసరికి గోరుతో గీకి, చెంపకి ఆనించి, 'ఆరిందిలే' అంటాం.

(ఒక చిన్న తేడా ఉంది. ధాన్యంలో తేమని మొత్తం బరువుతో లెక్కిస్తారు. కర్రలో తేమని పూర్తిగా ఎండిన బరువుతో లెక్కిస్తారు. ధాన్యం 17 శాతాన్ని కర్ర భాషలో చెప్పాలంటే ఇరవైన్నర. అందుకే పచ్చి కర్రలో తేమ నూరు శాతం దాటిందని ఎవరైనా చెప్తే నవ్వకండి, అది నిజమే అయుండొచ్చు.)

చెక్క తేమ చూడటానికి మిషన్ కొనక్కర్లేదు. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. మీరు ఆరబెట్టబోయే ముక్క పక్కనుంచి ఒక పలచని బిళ్ల కోయండి. కోసిన వెంటనే రెండింటినీ తూయండి. బిళ్లని ఓవెన్‌లో 100 డిగ్రీలకి కాస్త పైన పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టండి. ఉదాహరణకి 40 గ్రాముల బిళ్ల 23 దగ్గర ఆగిందనుకోండి. అంటే తేమ 74 శాతం దాకా ఉన్నట్టు. అదే నిష్పత్తిలో 400 గ్రాముల ముక్కలో అసలు కర్ర 230 గ్రాములు. 15 శాతం తేమ మిగలాలంటే అది 265 గ్రాముల దగ్గరికి రావాలి. ఆ అంకెని పెన్సిల్‌తో ముక్క మీదే రాసుకోండి. ఇక ఏ పద్ధతిలో ఆరబెట్టినా మీకు దారి తెలుస్తుంది. ఎంత దూరం వచ్చాం, ఇంకెంత ఉంది, ఎక్కడ ఆగాలి అన్నీ.

నాకు ఈ పద్ధతుల జాబితాలంటే విసుగు. 'ఇలా చేస్తే ఒక్క రోజులో ఆరిపోతుంది' అనే వీడియోల్లో త్రాసు ఎక్కడా కనపడదు.

వింత పద్ధతులు, నా తీర్పులు

ముందు బియ్యం. తడిసిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టడం అందరం చేశాం కాబట్టి చెక్కని కూడా పెడతారు. బియ్యంలో మామూలుగానే 12–14 శాతం తేమ ఉంటుంది. అది ఇంకెంత తాగుతుంది? బియ్యాన్ని మూకుడులో బాగా వేయించి, మూత బిగించిన డబ్బాలో చల్లార్చి, అందులో పెడితే కొంత లాగుతుంది. ఆ కష్టానికి తేమ పీల్చే సిలికాజెల్ గుళికలు కొనుక్కోవడం మేలు. వేడిచేస్తే మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

ఉప్పు ఇంకా ఘోరం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పే నీరు తాగి కారిపోతుంది. వానాకాలం జాడీ అడుగున చూస్తాంగా. ఆ ఉప్పు పక్కన పెట్టిన చెక్క మహా అయితే 14 దాకా దిగుతుంది, అది ఎటూ మన గాలి ఇచ్చేదే.

కాల్చిన సున్నపురాయి నీళ్ళని బాగా లాగుతుంది. కానీ తడి తగిలితే మండేంత వేడెక్కుతుంది, తుమ్మలాంటి వగరు చెక్కని నల్లగా మార్చేస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఆ జోలికి పోవద్దు.

ఫ్రిజ్ నాకు నచ్చిన పద్ధతి. మంచు కట్టని రకం ఫ్రిజ్ గాలిలోని తేమని తీసేస్తూనే ఉంటుంది. కొత్తిమీర కట్టని విప్పి పై అరలో పెడితే రెండు రోజులకే వడలిపోయేది అందుకే. చెక్కని కాగితంలో చుట్టి అక్కడే పెడితే చల్లగా, నిదానంగా, నెర్రెలు పెద్దగా లేకుండా ఆరుతుంది. వానాకాలం బయట బూజు పట్టే రోజుల్లో ఇంతకంటే భద్రమైన చోటు లేదు. అడ్డంకి సాంకేతికం కాదు. "పాలూ పెరుగూ పెట్టుకునే చోట నీ కట్టెలేంట్రా" అని మా అమ్మ ఒక మాట అన్నాక ఆ వాదనకి నా దగ్గర జవాబు లేదు. తలుపు అరలో గుడ్ల పక్కన నాలుగు చదరంగం పావులకి మాత్రం ఒప్పందం కుదిరింది.

ఎండలో ఆపిన కారు. బయట 40 డిగ్రీలుంటే అద్దాలు మూసిన కారులో 60 దాటుతుంది. పలచని ముక్కల్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి వెనక సీట్లో పెట్టి, అద్దం వేలు సందు దించితే చాలు. మే నెలలో పడమటి గాలి కొట్టే రోజుల్లో ఇది ఎంత బాగా పనిచేస్తుందంటే, జాగ్రత్తపడాల్సింది కూడా ఆ రోజుల్లోనే. కాగితం చుట్టకుండా పెడితే చివరలు టపటపా విచ్చుకుంటాయి. అడ్డంగా కోసిన చివరలనుంచి నీరు పక్కలకంటే పది పదిహేను రెట్లు త్వరగా పోతుంది మరి. అక్కడ కాస్త ఫెవికాలో మైనమో రాయాల్సిందే. సాయంత్రం పైరగాలి మొదలయ్యేలోపు అద్దం ఎత్తేయాలి, లేకపోతే పగలు పోయిన తేమలో కొంత రాత్రికి తిరిగొస్తుంది.

మైక్రోవేవ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నిజంగా గంటల్లో పని అయ్యేది దీంతోనే, పాడయ్యేదీ దీంతోనే. తక్కువ పవర్‌లో, ఒక నిమిషం, రెండు నిమిషాలు. తీసి, పూర్తిగా చల్లారనిచ్చి, తూచి, మళ్ళీ. తొందరపడేవాళ్ళు వదిలేసేది ఆ చల్లారనివ్వడాన్నే. లోపలి నీరు ఆవిరై బయటికి నెట్టుకొస్తుంది, దానికి దారి దొరకాలి. భీమవరంలో నాకు తెలిసినాయన ఒకరు నిద్రగన్నేరు ముక్కని ఏకబిగిన పెట్టేశారు. పైన చేయి ఆనించగలిగేంత వేడే ఉంది, చిన్న పగులు కూడా లేదు. మధ్యలోంచి పొగ వాసన వస్తోందని రంపంతో కోస్తే లోపల నిమ్మకాయంత బొగ్గు. బయట అంత వేడి లేకపోవడం వల్ల అలా మాడుతోందని ఊహించే వీలే లేకపోయింది. ఆరేకొద్దీ వేడిని పంచుకోడానికి నీరు తగ్గుతుంది కాబట్టి చివర్లోనే ఎక్కువ భయం. అక్కడ త్రాసు మాట వినాలి. రాసుకున్న అంకెకి దగ్గరికి రాగానే ఆపేసి, మిగిలింది గాలికి వదిలేయాలి. వంటకి వాడే మైక్రోవేవ్‌లో వేప ముక్క పెడితే తర్వాత వారం పాలు కూడా వేప వాసనే. పాతది ఒకటి వేరే ఉంచుకోవడం ఇంటి శాంతికి మంచిది.

ఉడకబెట్టడం. ఆరాల్సిన దాన్ని నీళ్ళలో మరిగించడమేంటని నవ్వుతారు గానీ, ఉప్పుడు బియ్యం మిల్లులున్న సీమలో మనం నవ్వకూడదు. ముందు ఉడికిస్తారు, తర్వాతే ఎండబెడతారు, గింజ గట్టిపడి విరగడం తగ్గుతుంది. చెక్కలో జరిగేది అదే అని నేననను. గింజలో పిండిపదార్థం చేసే పని చెక్కలో లేదు. వేడికి చెక్క కాస్త మెత్తబడి, లోపలి బిగువు సడలి, తర్వాత ఆరేటప్పుడు తక్కువ పగులుతుందని గిన్నెలు తరిణె పట్టేవాళ్ళు చాలామంది నమ్ముతారు. నా దగ్గర మామిడి, సపోటా ముక్కలు దీంతో బాగానే వచ్చాయి. ఉడకబెట్టనివి కూడా కొన్ని బాగానే వచ్చాయి. కాబట్టి గట్టిగా చెప్పలేను. దీనికి అన్న లాంటిది మనవాళ్ళు ఎప్పుడో చేసేవారు, తాడిదూలాల్నీ వెదుళ్ళనీ చెరువులోనో కాలువలోనో నెలల తరబడి నానేయడం. పురుగుకి ఆహారమైన పిండి, చక్కెరలు కరిగిపోతాయి, తర్వాత ఎండబెడితే పుచ్చు పట్టడం తగ్గుతుంది.

స్పిరిట్. లక్క పాలిష్ కలపడానికి వాడేదే. అందులో ముక్కని రాత్రంతా ముంచి, తీసి, కాగితం చుట్టి పెడితే నీటి స్థానంలోకి స్పిరిట్ వెళ్ళి త్వరగా ఎగిరిపోతుందని వాదన. పలచని ముక్కల్లో కొంత నిజం ఉండొచ్చు. ఖర్చూ, మంట భయమూ చూసుకుంటే నాకు గిట్టుబాటు కాలేదు. స్పిరిట్‌లో ముంచినదాన్ని పొరపాటున కూడా మైక్రోవేవ్ వైపు తీసుకెళ్ళకండి.

ఇన్ని చెప్పాను గానీ అన్నిటికంటే త్వరగా ఆరబెట్టే పద్ధతి రంపం. మందం సగం చేస్తే ఆరే కాలం సగం కాదు, దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. గరిటె చెక్కాలంటే పచ్చిగా ఉన్నప్పుడే గరిటె ఆకారానికి కాస్త లావుగా చెక్కేసి, అప్పుడు ఆరబెట్టాలి. పచ్చి కర్ర ఉలికి వెన్నలా తెగుతుంది కూడా. దిమ్మని దిమ్మలా రెండేళ్ళు ఎండబెట్టి, ఇనుములా అయ్యాక అందులో ముప్పాతిక వంతు పొట్టుగా తీసి పారేయడంలో ఓర్పు ఉందేమో, తెలివి ఏముందో నాకు అర్థం కాదు.

కురిడీ ఏమంటుంది

నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ అంబాజీపేట మార్కెట్లో ఉంది. కురిడీ కొబ్బరి. కాయల్ని అటక మీద నెలల తరబడి, ఏడాది దాకా వదిలేస్తారు. చిప్ప లోపల నీరు ఇంకి, గుండ్రటి కొబ్బరి చిప్పనుంచి విడివడి గలగలలాడేదాకా ఎవరూ దాన్ని తొందరపెట్టరు. పగలగొట్టి ఎండలో పోస్తే కొన్ని రోజుల్లో ఎండుకొబ్బరి అవుతుంది, కానీ కురిడీ రేటు రాదు. నెమ్మదికి విలువ లేదని ఈ సీమలో నిలబడి ఎలా అంటావు, అని మా అన్నయ్య అడిగాడు.

ఒప్పుకుంటాను. చిప్ప తేమని కొంచెం కొంచెంగా వదులుతుంది, లోపలి కొబ్బరి ఎక్కడా బిగువు పట్టకుండా మొత్తం ఒక్కలా కుంచించుకుంటుంది. చెక్కలో త్వరగా ఆరబెడితే పోయేది సరిగ్గా ఇదే. పైపొర ముందు ఆరి, సాగిన ఆకారంలోనే గట్టిపడిపోతుంది. తర్వాత లోపల కుంచించుకోవాలని చూస్తే పైపొర వదలదు. బయటికి ఏమీ కనపడదు. ఎప్పుడో దాన్ని మళ్ళీ రంపంతో కోసినప్పుడు రెండు చెక్కలూ ఒకదాని వైపు ఒకటి వంగి రంపాన్ని పట్టేస్తాయి. నాలుగంగుళాల దిమ్మలో ఇది పెద్ద గొడవ. అందుకే అక్కడ మేస్త్రి గారి మాటే చెల్లుతుంది. వేలు మందం గరిటెలో లోపలికీ బయటికీ అంత దూరమే ఉండదు.

ఇంకో అనుమానం నా మీద నాకే ఉంది. త్వరగా ఆరబెట్టినవాళ్ళు మనకి చూపించేది నిలబడిన ముక్కల్నే. పగిలినవి పొయ్యిలోకి వెళ్తాయి, వాటికి ఫొటో ఉండదు. నా అల్మారాలో ఉన్నవి చూసి నా పద్ధతి గొప్పదనుకుంటే అదీ ఆ బాపతే. అయితే ఏళ్ళ తరబడి ఆరబెట్టిన వాటి సంగతీ అంతే కదా.

త్వరగా ఆరబెట్టడం ఈ కాలం పిల్లల వేషాలని కూడా అంటారు. కొండపల్లిలో పొణికి కర్రని సన్నటి సెగ మీద పెట్టి తేమ తీశాకే బొమ్మ చెక్కుతారు. మన పాత ఇళ్ళలో నాగలి ముక్కలూ, కవ్వం కర్రలూ పొయ్యి పైనున్న అటక మీద ఉండేవి. అక్కడ వేడీ ఉంది, పొగా ఉంది, పురుగు రాదు. ఆ పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది. అటక చేసే పని ఇప్పుడు వేరే దేనితోనో చేయించుకోవాలి.

ఎక్కడ ఉండబోతోంది?

ఇక్కడ చెక్కిన మూత డబ్బా ఒకటి మా బంధువుల అమ్మాయి హైదరాబాద్ తీసుకెళ్ళింది. ఇక్కడ మూత తీయాలంటే రెండు చేతులూ కావాల్సి వచ్చేది. అక్కడ ఏసీ గదిలో కొన్నాళ్ళకే వదులైపోయి ఊడి పడుతోందని ఫోన్. "బాబాయ్, చెక్క సరిగ్గా ఆరలేదేమో" అంది. వానల్లో సెలవులకి వస్తూ తెచ్చింది. ఇక్కడ ఓ నెల ఉండేసరికి మళ్ళీ బిగుసుకుంది. చెక్క మన గాలికి పూర్తిగా ఆరినదే. హైదరాబాద్ గాలికి మాత్రం ఆరలేదు. 50 శాతం తేమ ఉన్న గదిలో చెక్క 9 దగ్గర ఆగుతుంది. అక్కడి వేసవి మధ్యాహ్నాల్లో గాలి 30 శాతానికి దిగిందంటే ఇంకా కిందికి పోవాలని చూస్తుంది.

అంచేత ఇక్కడే ఉండే గరిటెని 8 శాతం దాకా మాడ్చడం వృథా. ఓ వానాకాలం గడిస్తే అదే 15కి వచ్చేస్తుంది. బయటికి వెళ్ళేదాన్ని ఇక్కడి గాలికి ఎన్నేళ్ళు వదిలినా చాలదు, డబ్బాలో సిలికాజెల్ పక్కన పెట్టి కిందికి దించాల్సిందే. దించాక ప్లాస్టిక్ కవర్లో సీలు చేసి ఆ జెల్ పొట్లంతో సహా పంపుతున్నాను, అక్కడికి చేరాకే విప్పమని. గరిటెలు, పావులు, బొంగరాలు వరకే. బిగుతుగా కూర్చోవాల్సిన మూతలున్నవి ఎవరడిగినా ఊరు దాటించనని చెప్పేస్తున్నాను.